వాకిట్లో వేణ్ణీళ్ళు

సాయంత్రం ఆరూ నలభైకి కరెంటు పోయింది. బకెట్లో హీటర్ రాడ్డు పెట్టి ఎంతోసేపు కాలేదు. ప్లగ్గు పీకేసి నీళ్ళలో వేలు పెట్టి చూశాను. ఇంకా చన్నీళ్ళే. లోపల మా అమ్మాయి జ్వరంతో పడుకుని ఉంది. దానికి అప్పటికి నాలుగేళ్ళు నిండలేదు. మా ఆవిడ ఏ క్షణంలోనైనా రావచ్చు. ఆమె వచ్చేసరికి గేటు పక్కన వేణ్ణీళ్ళు ఉండాలి. తల మీద నీళ్ళు పోసుకోకుండా ఆమె పిల్లను ముట్టుకోదు. ఇది మా ఇంటి నియమం. నియమం పెట్టింది మా అమ్మ.

మాది గుంటూరు జిల్లా. మేడ్చల్ దగ్గర ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో నాకు ఉద్యోగం. తొంభైల చివర, మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య కొత్తగా వేసిన లేఅవుట్‌లో రెండు గదులు వేసుకున్నాం. అప్పటికి అక్కడ ఇళ్ళ కంటే హద్దురాళ్ళు ఎక్కువ. పొద్దున పూట దుండిగల్ వైపు నుంచి శిక్షణ విమానాలు మా మీదుగా తిరిగేవి. మా అమ్మాయి వాటికి చెయ్యి ఊపేది. పక్క ఇంట్లో బర్రెలు కాసే ఒక పెద్దావిడ ఉండేది. లేఅవుట్ రాకముందు నుంచీ ఆ ఇల్లు అక్కడే ఉంది. మేమంతా ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్ళం.

మా ఆవిడ నర్సు. మేడ్చల్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పనిచేసేది. ఆ ఏడు సికింద్రాబాద్ వైపు ఒక ధర్మాసుపత్రి, అనుభవం ఉన్న నర్సులకు కొత్త శిక్షణ పెట్టింది. నర్స్ ప్రాక్టీషనర్ అన్నారు. ఆ మాట మేము అంతకుముందు వినలేదు. గర్భిణిని మొదటి నుంచీ తానే చూడటం, మామూలు కాన్పు తన బాధ్యత మీద చేయడం, మామూలుగా లేనిదాన్ని వేళకు గుర్తించి డాక్టరు దగ్గరికి పంపడం అందులో నేర్పుతారు.

"ఇప్పుడు చేసేదీ అదే కదా?" అన్నాను.

"చేస్తాను. డాక్టరు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడి, ఆ తరువాత చేస్తాను. తెలిసిన పనిని నేను చేస్తానని నోరు తెరిచి చెప్పాలని ఉంది. అంతే."

నర్సింగ్ హోమ్ వాళ్ళు ఉద్యోగం తీసేయలేదు. శని, ఆదివారాలు డ్యూటీ వేశారు. మిగతా రోజులు ఆసుపత్రిలో శిక్షణ. అంటే ఆమెకు సెలవు అనేది లేకుండా పోయింది.

ఆ శిక్షణలో ఒక పద్ధతి ఉండేది. నొప్పులతో వచ్చిన మనిషి పక్కన మొదటి నుంచి ఉండాలి. కాన్పు అయి, బిడ్డ తల్లి రొమ్ము పట్టేదాకా కదలకూడదు. మధ్యలో లేచి వస్తే ఆ కాన్పు ఇంకొకరిది అవుతుంది. అలా పూర్తిగా తన చేతి మీద జరిగిన కాన్పులు కొన్ని ఉంటేనే శిక్షణ ముగిసినట్టు. అందువల్ల ఆమె ఏ బస్సుకు వస్తుందో ఎవరం చెప్పలేకపోయేవాళ్ళం. "నొప్పులకి గడియారం చూడటం రాదు" అనేది.

మా అమ్మ పిల్లను చూసుకోవడానికి వచ్చి మాతో ఉంటోంది. కాని విజయవాడలో ఉన్న మా చెల్లెలికి ఉగాదికి నెలలు నిండుతాయి. మొదటి కాన్పు మా ఇంట్లో అయింది. రెండోదానికి అమ్మే విజయవాడ వెళ్ళాలి. ఉగాది దాటితే ఆగడానికి లేదు. ఖాలా పొద్దున పిల్లను చూడగలదు కాని మధ్యాహ్నం దాటితే పాలు పితకాలి, ఇళ్ళకు పోసి రావాలి. నేను ఐదు దాకా ఫ్యాక్టరీలో ఉంటాను. ఉగాదిలోపు కాన్పుల భాగం పూర్తి కాకపోతే శిక్షణ మానేయాలి. ఇది ముగ్గురం కూర్చుని అనుకున్న మాట. రెండోసారి ఎవరూ ఎత్తలేదు గాని, క్యాలెండర్ పక్కగా వెళ్ళినప్పుడల్లా ముగ్గురం అటు చూసేవాళ్ళం.

శిక్షణ మొదలైన రోజు సాయంత్రం ఆమె గేటు తీయగానే పిల్ల పరుగెత్తింది. అమ్మ దాని గౌను పట్టి ఆపింది.

"ఆగవే. పురిటింటి నుంచి వచ్చింది మీ అమ్మ."

"అది ఇల్లు కాదు అత్తయ్యా, ఆసుపత్రి."

"ఆసుపత్రిలో పుడితే మాత్రం పురుడు కాదా? మా ఊళ్ళో మంత్రసాని ఒక్క ఇంటి పురుడు తెచ్చేది. నువ్వు పదిళ్ళది మోసుకొస్తున్నావు. తలకి పోసుకుని లోపలికి రా."

పాత నర్సింగ్ హోమ్‌లో ఆమె స్నానం చేసి, చీర మార్చుకుని వచ్చేది కాబట్టి ఈ గొడవ ఎప్పుడూ రాలేదు. ఇక్కడ శిక్షణకు వచ్చినవాళ్ళకు ఆ వసతి లేదు. నేను తగాదా అవుతుందనుకున్నాను. ఆమె సంచి గేటు దగ్గర పెట్టి, "నీళ్ళెక్కడ పెట్టారు?" అని అడిగింది.

తరువాత నాతో అంది: "స్నానం చెయ్యకుండా నేనూ పిల్లని ఎత్తుకోను. రోజంతా ఏమేమో మీద పడుతుంటాయి. ఆవిడ మైల అంటుంది, నేను ఇన్‌ఫెక్షన్ అంటాను. పోసుకునే నీళ్ళు అవే కదా."

గేటు పక్కన రేకులు నిలబెట్టి మరుగు కట్టాను. సాయంత్రం అయ్యేసరికి అమ్మ అక్కడ బకెట్, చెంబు, మడిచిన చీర పెట్టేది. రోజూ తలకు పోసుకోవడంతో ఆమె జుట్టు ఆరేది కాదు, జలుబు వదిలేది కాదు. ఒక ఆదివారం డ్యూటీ నుంచి వస్తూ భుజాల దాకా కత్తిరించుకుని వచ్చింది. అమ్మ ఆ రాత్రి అన్నం వడ్డించి పక్కకు తిరిగి కూర్చుంది. మర్నాడు మాత్రం, "ఆరడానికి తేలికే" అంది.

పిల్ల మొదట్లో ఏడ్చేది. పరుగెత్తకుండా ఉండటానికి అమ్మ దానికి ఒక ఉపాయం నేర్పింది. గేటు చప్పుడు కాగానే గడప మీద నిలబడి చేతులు రెండూ వెనక్కి కట్టుకోవాలి. వాళ్ళమ్మ తడి తలతో వచ్చాకే విప్పాలి. అది త్వరగానే నేర్చుకుంది. గడప మీద అది, రేకుల వెనక వాళ్ళమ్మ. ఆ కాసేపూ ఇద్దరూ అక్కడి నుంచే మాట్లాడుకునేవాళ్ళు.

"ఏం తిన్నావు?"

"పప్పు."

"ఇంకా?"

"ఖాలా జున్ను పెట్టింది."

"నాకు ఉంచావా?"

పిల్ల పెదాలు నాక్కునేది. నీళ్ళ చప్పుడు ఆగేది. ఆమె వచ్చి గడప దగ్గర వంగితే, పిల్ల ముందు జుట్టు పట్టుకుని చూసేది. తడిగా ఉంటేనే మెడ చుట్టూ చేతులు వేసేది.

కొన్నాళ్ళకు ఆ నియమం అందరికీ వర్తించింది. నా స్నేహితుడొకడు వస్తే, "నీళ్ళు పోసుకున్నావా?" అని గడప మీదే ఆపింది. పాలు తెచ్చిన ఖాలానూ అడిగింది.

"పొద్దుగాల్ల బర్రెకు పోసిన బిడ్డా. నాకెవరు పోస్తరు?" అంది ఖాలా.

"తల తడవలేదు."

"ఏంది పెద్దమ్మా, మీ మనుమరాలు పోలీసోళ్ళ లెక్క నాకాబందీ పెట్టింది? పాలు ఈడ పెట్టి పోవాల్నా, తానం జేసి రావాల్నా?"

"వాళ్ళమ్మ దగ్గర ఒక శిక్షణ నడుస్తోంది, దీని దగ్గర ఇంకోటి" అంది అమ్మ.

నేను ఐదున్నరకు ఇల్లు చేరేవాణ్ణి. అక్కడి నుంచి గేటు చప్పుడయ్యే దాకా నా చేతిలో పుస్తకం ఉండేది కాని పేజీ తిరిగేది కాదు. గేటు దాకా వెళ్ళి రోడ్డు చూసేవాణ్ణి. మేడ్చల్ నుంచి వచ్చే షేర్ ఆటో వెలుగు తుమ్మల వెనక కనపడితే రాడ్డు తీసి నీళ్ళు చూసేవాణ్ణి. ఆటో మా మలుపు దగ్గర ఆగకుండా శామీర్‌పేట వైపు వెళ్ళిపోతే రాడ్డు మళ్ళీ పెట్టేవాణ్ణి. ఇంటికి వచ్చాక కూడా ఆమెకు కుదురు ఉండేది కాదు. నిలబడే తినేది. పొయ్యి దగ్గర బియ్యం డబ్బాకు పుస్తకం ఆనించి చదివేది. పిల్లకు కథకు బదులు గర్భంలో బిడ్డ ఎన్ని రకాలుగా తిరిగి ఉంటుందో చెప్పేది, అది వింటూ నిద్రపోయేది. పడుకున్నాక కూడా, "ఆ ఐదో బెడ్ ఆవిడకి ఏమైందో" అని లేచి కూర్చునేది. ఆసుపత్రిలో ఉన్నంతసేపూ పిల్ల గుర్తొస్తుందట. ఇంట్లో ఉంటే ఆ ఆడవాళ్ళు గుర్తొస్తారట.

జ్వరం వచ్చిన రోజు పుష్యమాసం, బాగా చలిగా ఉంది. మధ్యాహ్నం అమ్మ మలుపులో ఉన్న టెలిఫోన్ బూతు దాకా నడిచి ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. నేను అక్కడి నుంచి ఆసుపత్రికి చేశాను. ఎవరో ఎత్తి, "సిస్టర్ లేబర్ రూమ్‌లో ఉంది, చెప్త" అని పెట్టేశారు. చెప్పారో లేదో తెలియదు. పర్మిషన్ తీసుకుని, మెడికల్ షాపులో మందు కొని ఇంటికి వచ్చాను. మందు వేస్తే కాస్త తగ్గి, సాయంత్రానికి మళ్ళీ పెరిగింది. పిల్ల ఏడవలేదు. "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని మాత్రం అడుగుతూ ఉంది.

కరెంటు పోయాక అమ్మ స్టవ్ మీద గిన్నెతో నీళ్ళు పెట్టింది. అవి కాగేలోపే గేటు చప్పుడైంది.

ఆమె సంచి కింద పెట్టలేదు. "ఎంత ఉంది?" అంది.

"నూట రెండు దాటింది."

మా మాటలకు పిల్ల లేచి వచ్చేసింది. గడప మీద నిలబడి చేతులు వెనక్కి కట్టుకుంది. నిలబడలేక ఊగుతోంది. నేను పట్టుకోబోతే భుజం విదిలించింది. అమ్మ కొవ్వొత్తి పట్టుకుని వెనకే వచ్చింది.

"వెళ్ళవే, అమ్మ దగ్గరికి వెళ్ళు. ఈ రోజుకి ఫరవాలేదు" అంది అమ్మ.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "నీళ్ళు పోసుకోలేదు."

"నేను చెప్తున్నాగా. వెళ్ళు."

"పోసుకోలేదు."

గోడ అవతల నుంచి ఖాలా వింటోంది. "జ్వరం గింత కాలుతాంటే ఇగ తానమేంది బిడ్డా? పో, మీ అమ్మ కాడికి పో" అంది. పిల్ల కదలలేదు. "జర ఆగు నర్సమ్మా, దాణాకు నీళ్ళు పెట్టిన, కాగినయి. జల్దీ తెస్త" అని ఖాలా లోపలికి వెళ్ళింది.

అమ్మ కొవ్వొత్తి నా చేతికిచ్చి చెంబు తీసుకుంది. బకెట్లో ముంచి కోడలి కాళ్ళ మీద పోసింది. వేళ్ళతో నాలుగు చుక్కలు తల మీద చల్లింది. "అయిపోయింది. చూడు, మీ అమ్మ స్నానం అయిపోయింది" అంది. ఏనాడూ మడి విషయంలో మాట మార్చని మనిషి.

పిల్ల కొవ్వొత్తి వెలుగులో చూసింది. "తల తడవలేదు" అంది. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాలని ఉంది దానికి. నేర్చుకున్నది వెళ్ళనివ్వడం లేదు. చేతులు మాత్రం విప్పలేదు.

మా ఆవిడ సంచి వదిలేసి బకెట్ రెండు చేతులా ఎత్తి నెత్తిన పోసుకుంది. చీరతో, వాచీతో, చెప్పులతో ఉన్నపళంగా. నీళ్ళు ముఖం మీద నుంచి ఇంకా కారుతుండగానే గడప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

పిల్ల చేతులు ముందుకు వచ్చాయి. ముందు జుట్టు పట్టుకుని చూసింది. తరువాత మెడ పట్టుకుని ఏడ్చింది. మధ్యాహ్నం నుంచి ఏడవనిదంతా అప్పుడు ఏడ్చింది.

"ఆ తడిబట్టలతో జ్వరం పిల్లనా?" అంది అమ్మ, తేరుకుని.

"ఎలాగూ తడిగుడ్డతో తుడవాలి అత్తయ్యా" అంది ఆమె. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

ఖాలా పొగలు కక్కే గిన్నెతో వచ్చి మమ్మల్ని చూసి ఆగింది. "ఇగ గీ నీళ్ళు ఏం జెయ్యాలె?"

"నా నెత్తిన పొయ్యి" అంది అమ్మ.

చీర మార్చుకుని, పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకున్నాక ఆసుపత్రి సంగతి చెప్పింది. పొద్దుటి నుంచి ఒక మనిషి పక్కనే ఉందట. ఇంకో గంటలో అయిపోయేదట. అప్పుడు ఫోన్ సంగతి చెప్పారు. నేర్పే పెద్ద సిస్టర్, "వెళ్ళు, కాని ఇది నీది కాదు" అంది. కోపంగా కాదట, ఉన్న మాట చెప్పిందట. ఈమె గ్లౌజులు తీసింది. నొప్పులు పడుతున్న మనిషి చెయ్యి పట్టుకుని, "పోతున్నవా అక్కా?" అంది. "మా పాపకి జ్వరం" అంటే వెంటనే చెయ్యి వదిలేసి, "పో అక్కా, జల్దీ పో" అందట. ఆ మాట మా ఆవిడ ఆ వారంలో చాలాసార్లు తలుచుకుంది. ఆ మనిషికి ఆడపిల్ల పుట్టిందని తరువాత తెలిసింది.

"ఉగాదికి అవ్వవు. మానేస్తాను" అంది. నేను పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చాను. అమ్మ స్టవ్ మీద మిగిలిపోయిన నీళ్ళను చూస్తూ కూర్చుంది.

పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే అమ్మ వచ్చింది. "నీకు తెల్లారుజాము షిఫ్టు దొరకదురా?"

"లోడింగ్ దగ్గర ఉంది. ఎవరూ తీసుకోరు."

"అది తీసుకో. మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు. పొద్దున పక్కింటావిడ చూస్తుంది. నేను నా కూతురి పురిటికి వెళ్తాను. ఊళ్ళో అందరి పురుళ్ళూ నా కోడలు పోస్తుంటే నా కూతురిది నేను పొయ్యొద్దూ? దాన్ని మాననివ్వకు. నీళ్ళు కాచడం నీకు రాదా ఏం?"

తీసుకున్నాను. అప్పటికి నన్ను అకౌంట్స్‌లోకి మారుస్తామని మేనేజరు అంటున్నాడు. ఆ మాట తరువాత రాలేదు. తెల్లవారకముందే లేచి వెళ్ళి, లారీల దగ్గర నిలబడి, రెండున్నరకు ఖాలా ఇంటి నుంచి పిల్లను తెచ్చుకునేవాణ్ణి. అది బర్రె వాసన వేస్తుండేది. నీళ్ళు పోసుకున్నావా అని నేనే అడిగేవాణ్ణి.

ఉగాది వెళ్ళిన వారం అమ్మ రైలెక్కింది. ఆ సాయంత్రం మా ఆవిడ గేటు తీసి, రేకుల వెనక బకెట్ చూసి ఆగింది.

"అత్తయ్య లేరుగా. ఇంకా పెట్టారా?"

"పెట్టాను."

గడప మీద పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. ఆమె రేకుల వెనక్కి వెళ్ళి, "ఏం తిన్నావు?" అని అడిగింది.

ఎండలు తగ్గకముందే శిక్షణ పూర్తయింది. ఆఖరి కాన్పుకు రాత్రంతా అక్కడే ఉండి పొద్దున వచ్చింది. ఆ రోజు నాకు వారపు సెలవు. గేటు దగ్గరే, "అయిపోయింది" అంది నాతో. పిల్ల గడప మీది నుంచి, "కాలేదు. తల తడవలేదు" అంది. ఆమె నవ్వుతూనే నీళ్ళ దగ్గరికి వెళ్ళింది.

తరువాత చాలా ఏళ్ళు ఆమె ఆ పని చేసింది. నర్సింగ్ హోమ్‌లో గర్భిణులను చూడటానికి ఆమెకు ఒక గది ఇచ్చారు. లాల్‌గడి మలక్‌పేట నుంచి, ఇంకా అటువైపు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ఆమె కోసమే వచ్చేవాళ్ళు. అక్కడ స్నానానికి వసతి ఉండేది. చెల్లెలికి కొడుకు పుట్టాడు. అమ్మ తిరిగి వచ్చింది, కొన్నేళ్ళు మాతో ఉండి కన్నుమూసింది. లేఅవుట్ కాలనీ అయింది. ఇంట్లో గీజరు వచ్చింది. అయినా గేటు పక్కన బకెట్ ఉండేది, ఆమె వచ్చేసరికి అందులో వేణ్ణీళ్ళు ఉండేవి. ఎందుకని ఇంట్లో ఎవరం అడగలేదు. మా అమ్మాయి పెద్దదయ్యాక రాడ్డు తనే పెట్టేది. నాకు ఆలస్యమైతే, "నాన్నా, నీళ్ళు పెట్టేశాలే" అని ఫోన్ చేసేది.

అది కాలేజీలో ఉండగా వాళ్ళమ్మ పోయింది. జబ్బు తెలిసిన తరువాత ఎక్కువ కాలం లేదు. ఆ సంగతి తనకు ముందే తెలిసినట్టుంది, మాకు చెప్పడం ఆలస్యం చేసింది.

శ్మశానం నుంచి నేను తిరిగి వచ్చేసరికి రేకుల వెనక వేణ్ణీళ్ళు ఉన్నాయి. ఖాలా తన పొయ్యి మీద కాచి తెచ్చిపెట్టింది. అప్పటికి ఆమెకు సరిగా కనపడదు, గోడ పట్టుకుని నడుస్తుంది. "పోసుకో భాయ్" అంది. బట్టలతోనే తలకు పోసుకున్నాను. ఇవతలికి వస్తే గడప మీద మా అమ్మాయి నిలబడి ఉంది. చేతులు రెండూ వెనక్కి ఉన్నాయి. అలా నిలబడినట్టు దానికి తెలుసని అనుకోను. నా తల వైపు చూసింది. తరువాత చేతులు ముందుకు వచ్చాయి.

ఇప్పుడు అది వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది, నెలకోసారి వస్తుంది. చీకటి పడే వేళ నేను పుస్తకం మూసి గేటు దాకా వెళ్తాను, రోడ్డు చూస్తాను, తిరిగి వస్తాను. కూర్చోవడం ఇంకా కుదరడం లేదు. రేకులు తుప్పు పట్టి ఒరిగితే తీయించేశాను. ఇప్పుడు మా ఇంటికి ఎవరు వచ్చినా నేరుగా లోపలికి వస్తారు. సాయంత్రం వాకిట్లో నీళ్ళు పెట్టడం లేదు.